వంతెన దాటారా అండీ

మూడో రోజు పొద్దున్న పది గంటలకల్లా జైలు నిండిపోయింది. పట్టుకొచ్చినవాళ్ళని పెట్టడానికి చోటు లేక పోలీసులు వాళ్ళని కోర్టు వరండాలో కూర్చోబెట్టారు. వరండా చాలక మెట్ల మీద, మెట్లు చాలక సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టారు. కూర్చున్నవాళ్ళెవరూ పారిపోయే రకం కాదు. కొత్తగా వచ్చేవాళ్ళకి వాళ్ళే కాస్త జరిగి చోటిస్తున్నారు. పోలీసులకి పని తగ్గింది కానీ గుండెల్లో గుబులు పెరిగింది.

ఊరి నడుమ నది. ఇవతల ఒడ్డున ఇళ్ళు, కార్ఖానాలు, రేవు. అవతల ఒడ్డున కచేరీలు, పెద్దాసుపత్రి, బజారు, దొరల బంగళాలు. రెంటికీ మధ్య ఒకటే వంతెన. దేశాన్ని ఏలుతున్న దొరలు నెల మొదట్లో ఒక ఉత్తర్వు తెచ్చారు. ఇవతలివాళ్ళెవరైనా సరే, వంతెన దాటాలంటే వేలిముద్ర వేసిన చీటీ చూపించాలి. చీటీ ఎవరికివ్వాలో ఎవరికివ్వకూడదో దొరల ఇష్టం. జనం రేవులో కూడి మూడంటే మూడు మాటలు అనుకున్నారు. చీటీ తీసుకోవద్దు. చెయ్యి ఎత్తొద్దు. పరుగెత్తొద్దు. మొదటి రోజు నలభై మంది చీటీ లేకుండా నడిచి వెళ్ళి పట్టుబడ్డారు. రెండో రోజు పోలీసులు లాఠీలు తీశారు. పాతికమందికి తలలు పగిలాయి. ఒక్కరూ తిరిగి కొట్టలేదు, ఒక్కరూ వెనక్కి పరుగు తీయలేదు. మూడో రోజు మూడొందల మంది వచ్చారు.

వీళ్ళందరినీ విచారించే కోర్టులో మధ్యవర్తి మన కథలోని దుబాసీ గారు. జడ్జి దొర తన భాషలో అడిగింది ముద్దాయికి మన భాషలో చెప్పాలి, ముద్దాయి చెప్పింది దొర భాషలోకి మార్చాలి. ఇరవై మూడేళ్ళుగా అదే పని. నల్లకోటు, మెడ దాకా గుండీలు, జేబులో నశ్యం డబ్బీ. పొడిగించడు, తగ్గించడు, తన అభిప్రాయం కలపడు. "నేను గొట్టాన్నండీ, ఇటు పోసింది అటు వస్తుంది" అనేవాడు ఎవరైనా అడిగితే. ఆయన కింద ఇంకో ముగ్గురు దుబాసీలు. కోర్టు నౌకరు కాబట్టి ఆయనకి చీటీ ఇంటికే వచ్చింది. రోజూ దాన్ని గేటు దగ్గర చూపించి, తల వంచుకుని దాటిపోయేవాడు.

ఆరోజు పొద్దున్న ఇంట్లో అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, ఇంకో చీర మూటగట్టుకుంటూ కనిపించింది. ఆవిడ మంత్రసాని. డెబ్భై దాటాయి. ఊళ్ళో సగం మందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడ చేతులే.

"ఎక్కడికి అత్తయ్యగారూ, ఇంత పొద్దున్నే?"

"కాన్పుంది అల్లుడుగారూ. వేళ పడుతుంది. నాకోసం చూడొద్దు."

ఆయన నమ్మి వెళ్ళిపోయాడు. ఆయన భార్య మాత్రం తల్లి మూటలో ఒక దుప్పటి కూడా పెట్టింది. అది ఆయన చూడలేదు.

కోర్టులో ఆరోజు పని చకచకా సాగింది. జడ్జి దొర చెడ్డవాడేం కాదు, తొందరమనిషి. ఆయన తన భాషలో ఒక్క వాక్యం అడుగుతాడు. దుబాసీ గారు "చీటీ లేకుండా వంతెన దాటావా?" అంటాడు. ముద్దాయి "దాటానండీ" అంటాడు. దుబాసీ గారు అది చెప్తాడు. జడ్జి దొర "పద్నాలుగు రోజులు" అంటాడు. హెడ్ గుమాస్తా రాసుకుంటాడు. బంట్రోతు తర్వాతి నంబరు పిలుస్తాడు. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టడం లేదు. నలభై సార్లు అడిగేసరికి ఆ వాక్యం దుబాసీ గారి నాలుక మీద దానంతట అదే దొర్లుతోంది.

"నలభై ఒకటి" అని బంట్రోతు పిలిచాడు.

మోకాళ్ళు పట్టుకుని, ఆ చిన్న మెట్టు ఎక్కి, బోనులో నిలబడి చెంగు సర్దుకుంది అత్తగారు.

జడ్జి దొర మామూలుగానే అడిగాడు. దుబాసీ గారు నోరు తెరిచాడు. నాలుక తిరగలేదు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఆవిడ ఎదుట కాళ్ళు చాపి కూర్చోలేదు, ఒక్కనాడూ గొంతు పెంచలేదు. జడ్జి దొర పెన్నుతో బల్ల మీద కొట్టాడు.

"చీటీ లేకుండా... వంతెన దాటారా అండీ?" అన్నాడు దుబాసీ గారు.

వరండాలోంచి తలలు లేచాయి.

"దాటాను బాబూ" అంది ఆవిడ తాపీగా. "మోకాళ్ళ నొప్పులు కదా, మెల్లగా దాటాను. ఆ పోలీసు అబ్బాయి చెయ్యి పట్టుకుని దింపాడు. వాడు పుట్టినప్పుడు అడ్డం తిరిగాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు."

తలుపు దగ్గర నిలబడ్డ పోలీసు నేల చూపులు చూశాడు. దుబాసీ గారు ఆ మాటలన్నీ ఒక్కటీ వదలకుండా దొర భాషలోకి మార్చాడు. జడ్జి దొర "పద్నాలుగు రోజులు" అన్నాడు. ఆవిడ మెట్టు దిగుతూ అల్లుడి పక్కకి వచ్చి గొంతు తగ్గించింది. "కాన్పనే చెప్పాను కదా. ఊరంతటికీ నొప్పులొచ్చాయి, ఇంట్లో ఎలా కూర్చుంటాను?"

నలభై రెండో నంబరు రేవులో బస్తాలు మోసే హమాలీ. మనిషి తలుపంత ఉన్నాడు. నిన్నటి లాఠీ దెబ్బకి నుదుటి మీద గుడ్డపేలిక కట్టుకున్నాడు.

"చీటీ లేకుండా వంతెన దాటావా?" అన్నాడు దుబాసీ గారు.

హమాలీ పలకలేదు. మళ్ళీ అడిగాడు. పలకలేదు.

"చెవుడా?" అన్నాడు బంట్రోతు.

"చెవులు బాగానే ఉన్నాయి, అందుకే అడుగుతున్నా" అన్నాడు హమాలీ. "ఇందాక పెద్దావిడని దాటారా అండీ అన్నారు. నన్ను దాటావా అంటున్నారు. ఇంతలో ఏం మారిందండీ?"

"ఆవిడ మా అత్తగారు" అన్నాడు దుబాసీ గారు, తనకే వినపడనంత మెల్లగా.

"అయితే దొరగారికి కూడా అత్తగారేనా?"

వరండా అంతా గొల్లుమంది. మెట్ల మీదవాళ్ళు ఏమన్నాడు, ఏమన్నాడు అని అడిగారు. మాట నోళ్ళు మారి రేకుల షెడ్డు దాకా వెళ్ళింది. కాస్త ఆలస్యంగా అక్కడినుంచి కూడా నవ్వు వినిపించింది.

హమాలీ మాత్రం నవ్వలేదు. "ప్రశ్న దొరది కదండీ, మీది కాదు కదా. నేను పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చుని వింటున్నాను. నాకు ఆయన భాష రాదు. కానీ చెవులున్నాయి. ఆవిడకీ నాకూ ఆయన ఒకటే మాట అన్నాడు. అక్షరం తేడా లేదు. మధ్యలో దాన్ని రెండు చేసిందెవరు?"

దుబాసీ గారికి చెంపల్లోకి వేడి ఎక్కింది. నిజమే. దొరల భాషలో నువ్వుకీ మీరుకీ కలిపి ఒకటే మాట. ఉద్యోగంలో చేరిన రోజు ముసలి దుబాసీ ఒకాయన పక్కన కూర్చోబెట్టుకుని, "ముద్దాయిని నువ్వనాలి, దొరని తమరనాలి, ఇంతే ఈ ఉద్యోగం" అని నేర్పాడు. అది ఏ చట్టంలోనూ లేదు. ఏ దొరా చెప్పలేదు. ఇరవై మూడేళ్ళలో ఎన్ని వేలమందిని, తన తండ్రి వయసువాళ్ళని, తల్లి వయసువాళ్ళని నువ్వన్నాడో లెక్క లేదు. ఇటు పోసింది అటు రాలేదు. గొట్టం లోపల ఏదో కలుస్తూనే ఉంది.

జడ్జి దొరకి విసుగొచ్చింది. ముద్దాయి ఏమంటున్నాడని అడిగాడు.

దుబాసీ గారు నిలబడ్డచోటే నిటారుగా అయ్యాడు. "ఇందాకటి ముద్దాయిని అడిగినట్టే తననీ అడగమంటున్నాడు దొరా" అని దొర భాషలో చెప్పాడు.

జడ్జి దొర చేతులు విదిలించాడు. అదే ప్రశ్న కదా, అలాగే అడగమన్నాడు.

కోర్టువారి ఆజ్ఞ అయింది. దుబాసీ గారు హమాలీ వైపు తిరిగాడు. "చీటీ లేకుండా వంతెన దాటారా అండీ?"

హమాలీ నుదుటి మీది గుడ్డ సర్దుకున్నాడు. తర్వాత కోర్టు గోడలు అదిరేలా, "దాటానండీ" అన్నాడు.

ఇక ఆ రోజు పని ముందుకు కదల్లేదు. మీరు అనిపించుకున్న మనిషి ఒక్క మాటతో ఊరుకుంటాడా? ఒకాయన వంతెన మీద ఏ వైపు నడిచాడో చెప్పాడు. ఒకావిడ తనకి చీటీ ఇవ్వనన్న గుమాస్తా ముఖం ఎలా ఉందో వర్ణించింది. ఆసుపత్రిలో నేల తుడిచే మనిషి, "ఇంకొక్కసారి అడగండి, సరిగ్గా వినపడలేదు" అంది. దుబాసీ గారు ఇంకొక్కసారి అడిగాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అందరి మాటలూ ఒక్కటి జారకుండా ఆయన దొర భాషలోకి మారుస్తూనే ఉన్నాడు. పక్క గదిలో నడుస్తున్న విచారణలో ఉన్న చిన్న దుబాసీ తలుపు సందులోంచి సంగతి తెలుసుకుని అక్కడా మొదలుపెట్టాడు. సాయంత్రానికి అరవై మంది కూడా పూర్తి కాలేదు.

సూర్యుడు దిగేలోపు ఊరంతా పాకిపోయింది. కోర్టులో మనల్ని మీరంటున్నారట. మర్నాడు వంతెన దగ్గర ఇసుక వేస్తే రాలని జనం. చీటీల గొడవ పట్టనివాళ్ళు కూడా స్నానాలు చేసి, తల దువ్వుకుని వచ్చారు. గాజులమ్మే ఆవిడ, గుర్రబ్బండి తోలేవాడు, కార్ఖానాలో బొగ్గు ఎత్తే అన్నదమ్ములు నలుగురు. "పద్నాలుగు రోజులే కదా, పోతే పోయాయి. ఆ కోటాయన నన్ను అండీ అంటుంటే ఒకసారి వినాలి" అని చెప్పులు కుట్టే ముసలాయన ఒకడు లైన్లో ముందుకి తోసుకొచ్చాడు.

కానీ ఆ మధ్యాహ్నమే ఎవరో జడ్జి దొర చెవిన వేశారు. ఆయన దుబాసీలు నలుగురినీ తన గదికి పిలిపించాడు. ఈ భాషలో ఎదుటివాడిని పిలవడానికి రెండు మాటలున్నాయా అని అడిగాడు.

"ఉన్నాయి దొరా."

"ఒకటి పెద్దదీ, ఒకటి చిన్నదీనా?"

"అవును దొరా."

రేపటినుంచి చిన్నదే వాడాలని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. వాడని దుబాసీకి ఉద్యోగం ఉండదు.

ఆ సాయంత్రం దుబాసీ గారు కాగితాన్ని వంటింటి గుమ్మం దగ్గర భార్యకి చదివి వినిపించాడు. ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది.

"ఇన్నాళ్ళూ తప్పని చెప్పేవాడు లేక నువ్వన్నారు" అంది. "ఇప్పుడు రాసిచ్చాడు కాబట్టి అంటారా?"

"ఉద్యోగం పోతుంది."

"మా అమ్మకి ఈ వయసులో జైలు భయం లేదు. నాకు కుట్టుమిషను ఉంది. మీకేం భయం?"

ఆయన కాగితం మడిచి, "నిన్ను కూడా నేను నువ్వనే అంటాను కదా" అన్నాడు.

"ఆ సంగతి తర్వాత చూసుకుందాం" అంది ఆవిడ. "ముందు కోర్టు సంగతి తేల్చుకు రండి."

పొద్దున్నే ఆయన చిన్న దుబాసీ ఇంటికి వెళ్ళాడు. ఇద్దరూ కలిసి మిగతా ఇద్దరి ఇళ్ళకి వెళ్ళారు. ఎక్కువ మాటలు అవసరం పడలేదు. నలుగురూ నల్లకోట్లు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని వంతెన వైపు నడిచారు. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. కోర్టుకి వేళయింది, పోనివ్వండి అన్నారెవరో. నువ్వనడానికే పోతున్నారు అన్నారింకెవరో.

గేటు దగ్గర జమేదారు చెయ్యి చాపాడు, ఎప్పటిలాగే.

"చీటీ చూపించండి."

"చూపించనండీ."

"ఇంట్లో మర్చిపోయారా?"

"జేబులోనే ఉంది. చూపించను."

జమేదారు చుట్టూ చూసి దగ్గరికి జరిగాడు. "ఏవండీ, మీరు కూడానా? మిమ్మల్ని పట్టుకుంటే అక్కడ మాట్లాడేదెవరు?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను" అన్నాడు దుబాసీ గారు, వంతెన మీదకి అడుగేస్తూ.

చప్పుడు మొదట ముందు వరసలో లేచింది. ఏం జరిగిందో వెనకవాళ్ళకి తెలిసేకొద్దీ అది పెరిగి పెరిగి నది మీద పడవల్లోవాళ్ళు లేచి నిలబడేదాకా వెళ్ళింది. హమాలీ తమ్ముడు ఒకడు చిన్న దుబాసీని అమాంతం భుజాల మీదకి ఎత్తబోతే, "వద్దు, కోటు నలుగుతుంది" అని అతను బతిమాలుకున్నాడు. జనం నలుగురి వెనకా నడిచారు. పరుగు లేదు, తోపులాట లేదు. చెక్కల మీద వందల పాదాల చప్పుడు మాత్రం ఒకటే పనిగా వినిపించింది. దుబాసీ గారు ఆ వంతెన వేలసార్లు దాటి ఉంటాడు. తల ఎత్తి దాటడం అదే మొదలు. నది అంత వెడల్పని ఆయన ఎరగడు.

అవతలి ఒడ్డున నలుగురినీ పట్టుకున్నారు. గంటలో ఆయన బోనులో ఉన్నాడు. పక్కనే తను రోజూ నిలబడే చోటు ఖాళీగా ఉంది.

జడ్జి దొర ఆయన్ని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత తన భాషలోనే నేరం చదివి, జవాబు చెప్పమన్నాడు.

దుబాసీ గారు మన భాషలో చెప్పాడు. "ముద్దాయికి నేరం ముద్దాయి భాషలో చెప్పాలని తమ చట్టంలోనే ఉందండీ. నా భాష ఇది."

జడ్జి దొరకి ఒక్క ముక్క అర్థం కాలేదు. హెడ్ గుమాస్తా వైపు తిరిగి, అర్థం చెప్పమన్నాడు. హెడ్ గుమాస్తాకి రెండు భాషలూ వచ్చు. పింఛనుకి ఎనిమిది నెలలుంది. పిల్లి అడుగుల మనిషి, ఎవరి జోలికీ పోడు. ఆయన లేచాడు. నిబంధనల పుస్తకం తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టాడు. ప్రమాణం చేసిన దుబాసీ తప్ప కోర్టు నౌకరు మరెవరూ ముద్దాయి మాట తిరగచెప్పకూడదట. ఊళ్ళో ప్రమాణం చేసిన దుబాసీలు నలుగురు. నలుగురూ ముద్దాయిలే. ఆ సంగతి దొర భాషలో చెప్పి, పుస్తకం మూసి, చెమట తుడుచుకుని కూర్చున్నాడు.

జడ్జి దొర పౌరుషానికి పోయాడు. తనకీ ఈ భాష కొంత వచ్చన్నాడు. వచ్చినదంతా వంటవాడి దగ్గరా గుర్రాలవాడి దగ్గరా నేర్చుకున్నదే. తే, పో, తొందరగా, లేదు. అయినా రోజుల తరబడి ఒకే వాక్యం విన్నాడు కదా, ధైర్యం చేశాడు.

"నువ్వు" అన్నాడు గట్టిగా. "చీటీ లేక... వంతెన... దాచావా?"

దుబాసీ గారు ఇరవై మూడేళ్ళ అలవాటు కొద్దీ ఆ ప్రశ్నని మనసులో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పాలి.

"లేదండీ. నేను దాచలేదు."

లేదు అన్న మాట జడ్జి దొరకి బాగా తెలుసు. వంటవాడి దగ్గర రోజూ వింటాడు. ముద్దాయి నేరం కాదన్నాడని స్వయంగా రాసుకున్నాడు. కాదన్నాడంటే పూర్తి విచారణ చెయ్యాలి, సాక్షులని పిలవాలి. సాక్షులు పోలీసులు. వాళ్ళ భాష కూడా ఇదే. వాళ్ళ మాటలకీ దుబాసీ కావాలి.

తర్వాత నల్లకోట్లు ముగ్గురూ వచ్చారు. వాళ్ళూ దాచలేదన్నారు. ఆ తర్వాత బోనెక్కిన గాజులావిడ, "మేమెందుకు దాస్తామండీ? ఉన్నచోటే ఉంది. కిటికీలోంచి చూస్తే కనపడుతుంది" అంది ఎంతో మర్యాదగా. జడ్జి దొర కిటికీలోంచి చూశాడు. వంతెన నిండా జనం, ఇంకా వస్తూనే ఉన్నారు. అప్పటిదాకా బిగపట్టుకున్న నవ్వు ఎక్కడో తెగింది. బంట్రోతు గోడవైపు తిరిగిపోయాడు. తలుపు దగ్గరి పోలీసు, అడ్డం తిరిగి పుట్టినవాడు, టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆరోజుకి కోర్టు లేచిపోయింది. మర్నాడు తెరవలేదు.

పక్క జిల్లాలనుంచి దుబాసీలని రమ్మని కబుర్లు పంపారు. ఒకాయనకి జ్వరం వచ్చింది, ఒకాయన తల్లికి బాగోలేదు, ఒకాయన రైలు దిగి, సంగతి విని, అదే రైలు ఎక్కి వెళ్ళిపోయాడు. శిక్ష వెయ్యకుండా మనుషుల్ని ఎన్నాళ్ళు ఉంచుతారు? ఉంచడానికి చోటేది? బడి భవనంలో నాలుగొందల మందిని పెట్టారు. బల్లల మీద, బల్లల కింద, నల్లబోర్డు ఆనుకుని పడుకున్నారు. బయటినుంచి రోజూ ఇంకో వంద మంది తమనీ పట్టుకోమని వచ్చి గేటు దగ్గర కూర్చునేవాళ్ళు. దుబాసీ గారికి జైల్లోని అత్తగారినుంచి వార్డరు ద్వారా ఒక కబురు వచ్చింది. "అల్లుడుగారు ఆలస్యంగానైనా వచ్చారు, సంతోషం. నశ్యం మానెయ్యమనండి."

పదకొండో రోజు విచారణ కానివాళ్ళందరినీ వదిలేశారు. పందొమ్మిదో రోజు చీటీల ఉత్తర్వు నిలిపేస్తున్నామని నోటీసు అంటించారు. నిలిపెయ్యడమే, రద్దు అనలేదు. దొరలు ఆ ఏడాది పోలేదు, మరో తొమ్మిదేళ్ళకి గానీ పోలేదు. దుబాసీలు నలుగురి ఉద్యోగాలూ పోయాయి. ఆ ఖాళీలకి ప్రకటన వేస్తే నాలుగు నెలలపాటు ఒక్క దరఖాస్తు రాలేదు. చివరికి చేరినవాళ్ళు, ముద్దాయిలని ఎలా పిలవాలో దుబాసీల ఇష్టానికే వదిలెయ్యాలని కాగితం రాయించుకుని చేరారు.

నోటీసు అంటించిన రోజు మాత్రం ఎవరూ ఆ లెక్కలు వెయ్యలేదు. కార్ఖానాలు వాటంతటవే ఆగిపోయాయి. రేవులో కమ్మరి సమ్మెటతో వచ్చి గేటు కీళ్ళు ఊడదీస్తుంటే జమేదారే దీపం పట్టుకునే మనిషిలా పక్కన నిలబడి, ఇటు కొట్టు, అటు కొట్టు అని చూపించాడు. గేటు ఊడగానే జనం దాటడం మొదలుపెట్టారు. అటు దాటి, పనేమీ లేక, మళ్ళీ ఇటు దాటారు. చంటిపిల్లల్ని ఎత్తుకుని దాటారు. కర్రలు పట్టుకుని దాటారు. వంతెన ఊగుతోంది, విడతలుగా వెళ్ళండి అని ఇంజనీరు మొత్తుకుంటే, హమాలీ మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపి, "ఈ వరస ఆగండి, ఆ వరస రండి" అని సాయంత్రం దాకా గొంతు పోయేలా అరిచాడు. అత్తగారు జైలునుంచి ఆ వారమే వచ్చింది. ఎవరో కుర్చీలో కూర్చోబెట్టి మొయ్యబోతే, "నా కాళ్ళున్నాయి" అని కసిరి, మెల్లగా నడిచి, అవతల బజారులో ఎవరికో నెలలు నిండాయని విని అటే వెళ్ళిపోయింది.

దుబాసీ గారు భార్యతో కలిసి దాటాడు. ఆవిడ కోర్టు చూపించమంది. తాళం వేసి ఉంది. వరండాలో కిటికీ దగ్గర ఆవిడ మునివేళ్ళ మీద నిలబడి, రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. నాలుగు బెంచీలు, ఒక బల్ల, ఒక బోను.

"ఇంతేనా?" అంది. "ఇంత చిన్న గదా?"

ఆయన కూడా పక్కన నిలబడి చూశాడు. ఆయనకీ చిన్నదిగానే కనిపించింది. వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. తిరిగి చూస్తే, తామూ ఒకసారి చూస్తామని మెట్ల కింద దాకా జనం వరసగా నిలబడి ఉన్నారు.